పచ్చ మీట

బస్సుల కంపెనీ ఆఫీసులో రెండో అంతస్తు చివర ఒక గది ఉంది. తలుపు మీద ‘భద్రతా పరిశీలన విభాగం’ అని బోర్డు ఉంటుంది గానీ, అంత పొడుగు మాట పలికే ఓపిక లేక అందరూ దాన్ని కళ్ల గది అంటారు. ఆ గదిలో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పన్నెండుమంది కూర్చుని పరాయివాళ్ల కళ్లు చూస్తుంటారు. అదే వాళ్ల ఉద్యోగం. పొట్టకూటికి మనుషులు ఇంతకన్నా చిత్రమైన పనులే చేస్తున్నారు కాబట్టి దీన్ని చూసి ఎవరూ ముక్కున వేలేసుకోనక్కర్లేదు.

సంగతేమిటంటే, కంపెనీవాళ్లు ప్రతి బస్సులోనూ డ్రైవరు ఎదురుగా, స్టీరింగుకు కాస్త పైన, సబ్బుపెట్టెంత పెట్టె ఒకటి బిగించారు. అందులో ఒక కెమెరా, దాని వెనక కృత్రిమ మేధ. అది రోజంతా డ్రైవరు రెప్పల్నే చూస్తూ కూర్చుంటుంది. రెప్పలు వాలాయంటే చాలు, ‘కళ్లు తెరవండి, కళ్లు తెరవండి’ అని ఆడగొంతుతో అరుస్తుంది, సీటును గజగజా వణికిస్తుంది. డ్రైవర్లు దానికి అత్తగారు అని పేరు పెట్టారు. పొద్దస్తమానం మొహంలోకే చూస్తూ, ఆవలించినా తప్పుపట్టేదాన్ని ఇంకేమంటారు మరి.

అయితే అత్తగారికి తెలివి ఉంది గానీ లోకజ్ఞానం తక్కువ. ఎండ పడి కళ్లు చికిలించినా, తుమ్మినా, కండక్టరు చెప్పిన జోకుకి పగలబడి నవ్వినా నిద్రే అనుకుంటుంది. అందుకని అరిచిన ప్రతిసారీ ఎనిమిది సెకన్ల వీడియో ఒకటి కళ్ల గదికి పంపుతుంది. అక్కడి మనిషి అది చూసి, నిజంగా నిద్రయితే ఎర్ర మీట నొక్కాలి, కాకపోతే పచ్చ మీట. మొహమంతా కనిపించదు. నుదుటి నుంచి ముక్కు దాకా ఒక పట్టీ, అంతే. ఎవరి కళ్లో తెలియకూడదని ఆ ఏర్పాటు. ఒకవేళ పోల్చుకుంటే పసుపు మీట నొక్కి వీడియోను ఎదురు బల్లవాళ్లకు పంపేయాలి. ఎర్ర మీట నొక్కితే ఇంకొకరు మళ్లీ చూసి ఖాయం చేస్తారు. పచ్చ నొక్కితే మళ్లీ ఎవరూ చూడరు. చెడ్డమాటను పరీక్షించినట్టు మంచిమాటను ఎవరు పరీక్షిస్తారు?

మన కథ ఆ గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషిది. ఆమెకు నలభై ఒకటి. పదహారేళ్లు కింది అంతస్తులో టికెట్ల కౌంటరు చూసింది. జనం ఫోన్లలోనే టికెట్లు కొనుక్కోవడం మొదలుపెట్టాక కౌంటరు మూసేసి ఆమెను మెట్లెక్కించారు. గదిలో ఆమె పేరు పచ్చక్క. కాస్త అనుమానం ఉన్నా చాలు, ఆమె వేలు పచ్చ మీదికే పోయేది. ఎదురు బల్ల దగ్గర రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవాడు. ముప్ఫై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దిన చెయ్యి, ఎర్ర మీద తప్ప ఆనేది కాదు. ఆయన ఎర్ర మాస్టారు. “మీ ఇద్దరినీ కలిపి ఒక మనిషిని చేస్తే నాకు సగం పని తగ్గేది” అని సూపర్వైజరు నవ్వేవాడు.

జాలిగుండె సంగతి అటుంచితే, పనిలో ఆమెను మించినవాళ్లు లేరు. కొత్తవాళ్లకు ఆమే నేర్పేది. “నవ్వే కన్ను పక్కల నుంచి మూసుకుంటుంది. ఎండ పడ్డ కన్ను గట్టిగా మూసుకుంటుంది. నిద్రొచ్చే కన్ను మాత్రం బేరమాడుతుంది. సగం దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, ఇంకాస్త దిగుతుంది. బేరం కనిపించిందంటే ఇంక ఆలోచించొద్దు, ఎరుపే” అని చెప్పేది. ఆ మాట చెప్పింది తనే అని తర్వాత ఆమె చాలాసార్లు గుర్తు చేసుకోవలసి వచ్చింది.

ఆమె తమ్ముడు అదే కంపెనీలో డ్రైవరు. వాడికి నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పుడామెకు పదకొండు. తండ్రి మిల్లులో పని చూసుకుని ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో తెలిసేది కాదు, కాబట్టి వాడికి అమ్మా నాన్నా ఆమే. వాడు బంగారంలాంటి పిల్లాడే, ఒక్క నిద్ర తప్ప. అన్నం ముందు నిద్ర, పుస్తకం ముందు నిద్ర. రాత్రంతా పడుకుని కూడా పగలు తూగేవాడు. పైగా గురక. అంత చిన్న ముక్కులోంచి అంత చప్పుడు ఎలా వస్తుందని చుట్టుపక్కలవాళ్లు నవ్వేవాళ్లు. మధ్యలో ఆ గురక ఠక్కున ఆగిపోయేది. ఆమె ఊపిరి బిగబట్టి లెక్కపెట్టేది. పది, పన్నెండు, ఒక్కోసారి పదిహేను. అప్పుడు వాడు నీళ్లలోంచి పైకొచ్చినవాడిలా గట్టిగా గాలి పీల్చి మళ్లీ మొదలుపెట్టేవాడు. “మావాడు గురకపెట్టడంలో కూడా విరామం తీసుకుంటాడు” అని ఆమె నలుగురిలో చెప్పి నవ్వించేది.

అలాంటివాణ్ని పొద్దున్నే లేపడానికి ఆమెకు మనసొప్పేది కాదు. ‘పాపం, పడుకోనీ’ అనుకుని వాడు పట్టాల్సిన నీళ్లు తనే పట్టేది. వాడు రాయాల్సిన హోంవర్కు ఎడమచేత్తో వంకరగా, వాడి చేతిరాతలాగే రాసిపెట్టేది. వాడికి ఏడేళ్లప్పుడు మెట్ల మీద కూర్చునే నిద్రపోయి ముందుకు పడ్డాడు. ఎడమ కనుబొమ్మ చీలిపోయి మూడు కుట్లు పడ్డాయి. అప్పుడు కూడా ఆమె తండ్రికి, తనే తోశానని చెప్పి దెబ్బలు తింది. తమ్ముడి తప్పు కప్పిపుచ్చడం అలా ఆమెకు చిన్ననాడే అబ్బిన విద్య. ఆ కనుబొమ్మ మీద వెంట్రుకలు మళ్లీ మొలవలేదు. అక్కడ అడ్డంగా ఒక తెల్ల గీత మిగిలిపోయింది.

భర్త పోయాక ఆమె తమ్ముడి దగ్గరికే వచ్చేసింది. డిపో వెనక డ్రైవర్లకిచ్చే క్వార్టర్లలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తమ్ముడు, మరదలు, నాలుగేళ్ల మేనకోడలు. వెనక గదిలో ఆమె. మరదలు మంచిది, వదినా వదినా అంటూ వెనకే తిరిగేది. పాప ఒకసారి, “నాన్న బస్సులో అత్తగారు ఉందంట, నువ్వేనా అత్తా?” అని అడిగితే అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

వేసవిలో తమ్ముణ్ని కొండ రూటుకి మార్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకి బయలుదేరి, రెండుంబావుకి కొండ ఎక్కడం మొదలుపెట్టి, ఏడు మలుపులు తిరిగి, మూడు కావస్తుండగా పై ఊరి స్టాండులో దిగుతుంది ఆ బస్సు. కళ్ల గదిలో వీడియోలను రూటు వారీగా పంచుతారు. కొండ రూటు ఎప్పటినుంచో ఆమెదే. తమ్ముడూ అక్కా ఒకే రూటు మీద పడ్డారని ఎవరికీ తట్టలేదు. ఆమెకు తట్టింది గానీ, చెబితే రూటు మార్చి ఇంకేదో అంటగడతారని ఊరుకుంది.

రెండో రోజే వీడియో వచ్చింది. పట్టీలో రెండు కళ్లు, ఎడమ కనుబొమ్మ మీద తెల్ల గీత. ఆమె కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకుంది. రెప్పలు సగం దిగాయి, ఎక్కాయి, ఇంకాస్త దిగాయి. బేరం. అచ్చంగా తను కొత్తవాళ్లకు చూపించే బేరం. చివరి రెండు సెకన్లూ కళ్లు పూర్తిగా మూతపడి ఉన్నాయి.

పసుపు నొక్కితే అది పోయేది ఎర్ర మాస్టారికి. ఆయన ఏం నొక్కుతాడో గదిలో గోడలకు కూడా తెలుసు. నెలలో మూడు ఎరుపులు పడితే డ్రైవరును స్టీరింగు మీంచి దించి కంపెనీ డాక్టరు దగ్గరికి పంపుతారు. డాక్టరు దగ్గరికి పోయినవాడు మళ్లీ స్టీరింగు పట్టుకున్న దాఖలా లేదని డిపోలో చెప్పుకునేవాళ్లు. అలా పోయిన నలుగురు ఇప్పుడు షెడ్డులో బస్సులు కడుగుతున్నారు. షెడ్డు మనిషికి క్వార్టరు ఉండదు. రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేయాలి. ఆమె కళ్లముందు పాప గోడ మీద రంగు పెన్సిలుతో గీసిన బస్సు బొమ్మ మెదిలింది. ఈ ఒక్కసారికే అనుకుంది. పచ్చ నొక్కింది.

ఆ సాయంత్రం మాటల్లో మాటగా అడిగింది. “ఏరా, బండి మీద నిద్రగానీ వస్తోందా నీకు?”

“నాకా? ఏడు మలుపులక్కా అవి. అక్కడ నిద్రొస్తే మళ్లీ లేచే పనుంటదా?” అని వాడు నవ్వాడు. వాడు అబద్ధం చెప్పలేదు. తనకు నిద్ర పడుతోందని వాడికి నిజంగానే తెలియదు. రెండు సెకన్లు రెప్పలు మూసి తెరిచినవాడికి ఆ రెండు సెకన్లు లేనట్టే లెక్క. అత్తగారు అరిచినప్పుడల్లా ఎండకు అరిచిందనుకునేవాడు. ఇంకేదో చెప్పబోతూ చెప్పబోతూ, ఆ మాట మధ్యలోనే గోడకు తల ఆనించి పడుకుండిపోయాడు. భుజం తట్టి లేపి, నీ కళ్లు నేను చూశానురా అని చెప్పేద్దామని ఆమె చెయ్యి ముందుకు పోయింది. పాపం, పడుకోనీ, అనుకుని వెనక్కి తీసుకుంది.

మర్నాటి నుంచి తమ్ముడి ఫ్లాస్కులో టీ తనే పోసేది. మామూలుగా వేసేదానికన్నా రెండు చెంచాల పొడి ఎక్కువ వేసేది. ముప్ఫై ఎనిమిది మంది కూర్చున్న బస్సును కొండ మీద నిలబెట్టడానికి ఆమె దగ్గర ఉన్న ఉపాయం ఆ రెండు చెంచాలే.

వీడియోలు వస్తూనే ఉన్నాయి. అన్నీ రెండింటికీ మూడింటికీ మధ్యవే. వచ్చిన ప్రతిసారీ ఈ ఒక్కసారికే అనుకుంది. కంటికి రెప్పలా కాపాడుతున్నాననుకుంది. నెల తిరిగేసరికి అలాంటి ఒక్కసార్లు పంతొమ్మిది అయ్యాయి.

ఆ నెల రెండో సగంలోనే రావడం తగ్గింది. వారానికి రెండు, తర్వాత ఒకటి, తర్వాత లేనే లేవు. ఆమె మూడు వారాలు కళ్లల్లో వత్తులు వేసుకుని చూసింది. తెల్ల గీత కనబడలేదు. ఒక పూట అన్నం తింటూ తమ్ముడే అన్నాడు.

“మా అత్తగారు ఇప్పుడు నన్నేమీ అనట్లేదక్కా. బాగా అలవాటు పడిపోయింది.”

“టీ పనిచేస్తోందిరా” అంది ఆమె. ఆ పూట ఎన్నాళ్లకో మారు వడ్డించుకుంది.

ఆ తర్వాతి వారంలో ఒక మధ్యాహ్నం పెట్టెలు తయారుచేసే కంపెనీ నుంచి ఇంజనీరు అమ్మాయి వచ్చింది. భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి గోడ మీది పెద్ద తెర ముందు నిలబడింది. మాట్లాడితే ముచ్చటగా ఉండే పిల్ల, అందరినీ మెచ్చుకుంది. తప్పుడు అరుపులు సగానికి సగం తగ్గాయంది, అదంతా మీ చలవేనంది. మాస్టారు ఇదంతా మామూలే అన్నట్టు కళ్లజోడు తుడుచుకున్నాడు.

“ఒక ఉదాహరణ చూపిస్తాను” అని ఆ అమ్మాయి మీట నొక్కింది. తెర నిండా రెండు కళ్లు వచ్చాయి. ఎడమ కనుబొమ్మ మీద తెల్ల గీత, ఈసారి జానెడు పొడుగున.

“ఈ డ్రైవరుగారు ఎవరో నాకు తెలీదు. కొండ రూటుకొచ్చిన మొదటి నెలలో పెట్టె ఈయన మీద పంతొమ్మిదిసార్లు అరిచింది. పంతొమ్మిదిసార్లూ మీరు పచ్చ నొక్కారు. అంటే ఏంటి? ఈయన కళ్లే అంత, మెలకువగా ఉన్నా వాలిపోయి ఉంటాయి. కొంతమందికి పుట్టుకతోనే అలా ఉంటాయి కదా. మీరు నొక్కిన ప్రతి పచ్చా ఆ మనిషి గురించి పెట్టెకి ఒక పాఠం. అది నేర్చేసుకుంది. ఇప్పుడు ఈయన కళ్లు ఎంత వాలినా ఏమీ అనదు. ఈయన వరకు అదే మెలకువ అనుకుంటుంది.”

అందరూ చప్పట్లు కొట్టారు.

ఈ మాట ఆమెకు కొత్త కాదు. ఉద్యోగంలో చేరిన వారం శిక్షణలో కూడా చెప్పారు. అప్పుడు తల ఊపింది, టీ తాగింది, మర్చిపోయింది. పచ్చ అంటే తమ్ముడి పేరు మీద మచ్చ పడకుండా తుడిచేయడం అనుకుంది గానీ, అత్తగారి నోరు తన చేత్తోనే నొక్కేస్తున్నానని ఏనాడూ అనుకోలేదు. టీ పనిచేయలేదు. వాడి నిద్ర ఎక్కడికీ పోలేదు. అరిచేది మాత్రమే పోయింది. ఆమె గోడ గడియారం చూసింది. రెండూ పది.

కుర్చీ వెనక్కి పడిపోయింది కూడా ఆమెకు తెలియలేదు. వరండాలోకి పరుగెత్తి తమ్ముడికి ఫోను చేసింది. మోగుతోంది, మోగుతూనే ఉంది. బండెక్కే ముందు ఫోను డిపో లాకర్లో పెట్టి తాళం వేయాలన్నది రూలు, వాడు రూలు తప్పేవాడు కాదు. ఆ ఫోను ఖాళీ గదిలో ఇనప డబ్బాలో మోగుతోందని తెలిసి కూడా ఆమె మళ్లీ చేసింది.

కంట్రోలు రూము కింద ఉంది. మెట్లు రెండేసి చొప్పున దిగింది. అక్కడ కంట్రోలరు టికెట్ల రోజుల నుంచీ తెలిసినవాడే. ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు.

“ఏమైందక్కా?”

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ముప్ఫై ఏళ్ల అలవాటు దానికన్నా ముందు బయటపడింది. “పాపకి బాగోలేదు. మా తమ్ముణ్ని ఆపాలి. బస్సు ఇప్పుడే ఆపించండి.”

“అయ్యో. ఏమైంది పాపకి?” అన్నాడాయన. అంటూనే టైము చూశాడు. “కొండ మీదికి ఎక్కేస్తుంటాడక్కా. మలుపుల్లో ఆపకూడదు, ఇలాంటి కబురు డ్రైవింగులో ఉన్నవాడికి అసలే చెప్పకూడదు. పైన స్టాండులో దిగగానే నేనే చెప్తాను. ముప్పావుగంట. ఆస్పత్రికి ఎవరన్నా తీసుకెళ్లారా? నా బండి ఉంది, పదండి, నేను దింపుతాను.” జేబులో తాళంచెవి వెతకడం మొదలుపెట్టాడు. అటెండరును కేకేసి మంచినీళ్లు తెమ్మన్నాడు. చెడ్డవాడైతే తిట్టి తోసుకుపోవచ్చు. ఆ మంచితనానికి అడ్డం పడే దారి ఆమెకు దొరకలేదు. గడియారం రెండూ పద్దెనిమిది చూపిస్తోంది.

“పాపకి ఏం కాలేదు” అంది. “వాడు నిద్రపోతాడు. బండి మీద నిద్రపోతాడు. నెలరోజులు వీడియోలు వచ్చాయి. నేను పచ్చ నొక్కాను. అన్నిటికీ పచ్చే నొక్కాను.”

కంట్రోలరు తాళంచెవి బల్ల మీద పడేశాడు. తర్వాత గబగబా కూర్చుని బస్సు నంబరు కొట్టాడు. తెర మీద పట్టీ వచ్చింది. ఈసారి ఎనిమిది సెకన్ల పాతది కాదు, ఇప్పటిది. పట్టీ కింద పచ్చటి అక్షరాలు, మెలకువ, నూటికి తొంభై ఏడు.

ఆయన గట్టిగా గాలి వదిలాడు. “హమ్మయ్య. భయపెట్టేశారక్కా. చూడండి, మెలకువగానే ఉన్నాడు. పచ్చ చూపిస్తోంది.”

“ఆ పచ్చ నాది” అంది ఆమె. “అక్షరాలు కాదు, కళ్లు చూడండి.”

కళ్లు సగం దిగాయి. ఎక్కాయి. ఇంకాస్త దిగాయి. ఈసారి మళ్లీ ఎక్కలేదు. మూసిన రెప్పల మీద చెట్ల నీడలు ఒకటొకటిగా దాటిపోతున్నాయి. కింద తొంభై ఏడు కాస్తా తొంభై ఎనిమిదయింది. పెట్టె తాను నేర్చుకున్నది తప్పు పోకుండా ఒప్పజెబుతోంది, నేర్పినావిడ ఎదురుగా నిలబడి చూస్తోంది.

కంట్రోలరు మైకు లాక్కున్నాడు. పెట్టెలోంచి డ్రైవరుతో మాట్లాడే వీలుంది. “డ్రైవరుగారూ, కంట్రోలు నుంచి. డ్రైవరుగారూ, బండి ఎడమకి తీయండి.” ఆ గొంతు రోజుకు ఇరవైసార్లు వినబడేదే. ట్రాఫిక్కు ఉందనీ, లేటయిందనీ చెప్పే గొంతు. రెప్పలు కదల్లేదు.

ఆమె మైకు లాక్కుంది. ఏమని పిలవాలో ఒక్క క్షణం తోచలేదు. వాణ్ని లేపడం ఆమెకు చేతకాదు. పుట్టి బుద్ధెరిగాక వాడి నిద్ర ఆమె ఒక్కసారి కూడా చెడగొట్టలేదు.

“చిన్నోడా! లేవరా! లేవరా చిన్నోడా, లే!”

కళ్లు తెరుచుకున్నాయి. అంత పెద్దవిగా ఆ కళ్లను ఆమె వాడి చిన్నప్పుడు కూడా చూడలేదు. పట్టీ ఒక పక్కకు ఒరిగింది, బస్సు పైకప్పు కనబడింది, ఎవరిదో చెయ్యి కనబడింది. తెర ఆగిపోయింది. కింద అక్షరాలు ఆగిపోయిన చోటే ఉన్నాయి, మెలకువ.

కండక్టరు ఫోను రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలు ఆమె మైకు వదల్లేదు. ఆగిపోయిన తెర ముందు కూర్చుని లేవరా, లేవరా అంటూనే ఉంది. కంట్రోలరు తీసుకోబోతే చెయ్యి విదిలించింది. మెట్ల మీద కళ్ల గదిలోవాళ్లంతా దిగి వచ్చి నిలబడ్డారు. ఎర్ర మాస్టారు తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఆమె పక్కన పెట్టి పోయాడు.

బస్సు మొదటి మలుపు దగ్గర రోడ్డు పక్క గోడను రాసుకుంటూ పోయి, గోడ అయిపోయే చోట ఆగింది. ముందు చక్రం ఒకటి గాలిలో ఉంది. అందరూ వెనక తలుపు నుంచి దిగారు. కిటికీ పక్క కూర్చున్న ఒక టీచరమ్మకు మణికట్టు విరిగింది. కండక్టరుకు పెదవి చిట్లింది. డ్రైవరుకు గడ్డం మీద గాయం. ప్రాణాలన్నీ ఉన్నాయి. ఇంకో రెండు గజాలు పోయుంటే అన్న మాట కండక్టరు మొదలుపెట్టి ఆపేశాడు.

మర్నాడు పది గంటలకు కళ్ల గది ఖాళీ చేయించారు. సూపర్వైజరు, ఇంజనీరు అమ్మాయి, కంపెనీ డాక్టరు, ఆమె. తమ్ముణ్ని కూడా పిలిపించారు. గడ్డానికి కట్టు, చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. నిన్నటి నుంచి అక్కతో మాట్లాడలేదు. ఇంట్లో మరదలు కూడా మాట్లాడలేదు.

డాక్టరు గురక గురించి అడిగాడు. మధ్యలో ఆగుతుందా అన్నాడు. ఆమె చెప్పింది, పది, పన్నెండు, ఒక్కోసారి పదిహేను. చిన్నప్పటి నుంచీ అంతే అంది. నలుగురినీ నవ్వించిన మాట ఆ గదిలో ఎవరినీ నవ్వించలేదు.

“అది నిద్ర కాదమ్మా. ఊపిరి ఆగిపోవడం. రాత్రంతా వందలసార్లు ఆగుంటుంది. అలాంటి మనిషి పగలు తూగిపోక ఏం చేస్తాడు?” అన్నాడు డాక్టరు. “దీనికి వైద్యం ఉంది. పడుకునేటప్పుడు పెట్టుకునే గాలి మిషను ఒకటుంది. మూడు ఎరుపులకి నా దగ్గరికి పంపమన్నది ఇందుకే.”

“మీ దగ్గరికొచ్చినవాళ్లు షెడ్డుకే పోయారు కదండీ” అంది ఆమె.

డాక్టరు సూపర్వైజరు వైపు చూశాడు. సూపర్వైజరు కిటికీ వైపు చూశాడు.

ఆమె ఉద్యోగం పోయిందని అప్పటికే కాగితం మీద రాసి ఉంది. తమ్ముడి స్టీరింగు సంగతి వైద్యం తర్వాత చూస్తామన్నారు. క్వార్టరు సంగతి ఆమె అడిగితే, అది తన చేతిలో లేదన్నాడు సూపర్వైజరు. పోయే ముందు ఒక పని మిగిలింది. ఆ పంతొమ్మిది వీడియోలూ దిద్దాలి. లేకపోతే వాడు ఏ బండి ఎక్కినా పెట్టె పాత పాఠమే చదువుతుంది. “ఎవరు నొక్కారో వాళ్లే మార్చాలండీ, సిస్టమ్ అలా ఉంది” అంది ఇంజనీరు అమ్మాయి, తప్పు తనదే అయినట్టు.

ఆమె కూర్చుంది. చిట్టచివరిది ముందు వచ్చింది. రెండు కళ్లు, తెల్ల గీత. ఎనిమిది సెకన్లు అయ్యాయి. ఎర్ర మీట నొక్కింది. ఖాయమా అని అడిగింది తెర. ఖాయం అని నొక్కింది. తర్వాతది. ఎరుపు. ఖాయం. నాలుగోదానికి వెనక అడుగుల చప్పుడయింది. తమ్ముడు వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు. వాడు తన కళ్లు మూతపడటం ఇంతకుముందెప్పుడూ చూడలేదు. ఎవరు మాత్రం చూసుకుంటారు. ఒక్కోటి పూర్తయ్యేదాకా ఆగి, ఊపిరి కూడా పీల్చకుండా చూస్తున్నాడు. పన్నెండోదాని దగ్గర కుర్చీ వీపు పట్టుకున్నాడు.

ఆఖరున మిగిలింది మొదటి రోజుది. సగం దిగడం, ఎక్కడం, ఇంకాస్త దిగడం. ఆమె వేలు మీట మీద ఆగిపోయింది. ఎప్పటిలా పచ్చ మీదికి పోయి కాదు. కళ్లనిండా నీళ్లు నిండి ఏ రంగు ఎక్కడుందో కనబడలేదు.

తమ్ముడు వెనక నుంచి చెయ్యి చాపి, ఆమె వేలు పట్టుకుని ఎర్ర మీట మీద పెట్టాడు. ఇద్దరి వేళ్లూ కలిసి నొక్కాయి.

“లేపి ఉండాల్సిందక్కా” అన్నాడు. కోపంగా అనలేదు, నెమ్మదిగానే అన్నాడు. “నిన్న లేపితే లేచాను కదా.”